పైడమ్మ మొక్కు

ఏ రాజు ఏలినప్పటిదో తెలియదు, ఏ ఏటి మాటో తెలియదు. మా అమ్మమ్మ నోట నేను విన్నాను, ఆవిడ వాళ్ళ అమ్మమ్మ నోట విన్నది. అమ్మవారిని తలుచుకుని చెబుతున్నాను, వినండి.

ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకామె ఉండేది. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఆడవాళ్ళ కాళ్ళకు పసుపు రాసి పారాణి పెట్టడం ఆమె పని. ఆమె ముఖం ఎవరూ సరిగ్గా చూసి ఎరగరు. ఆమె మాత్రం ఊళ్ళో ఆడవాళ్ళందరి కాళ్ళూ ఎరుగును. ఎవరి మడమ పగిలిందో, ఎవరి వేలు వంకరో, కళ్ళు మూసుకుని చెప్పేది.

కాళ్ళు పట్టుకున్న మనిషికే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి. పొద్దస్తమానం నిలబడ్డ కాలు సాయంత్రానికి ఉబ్బుతుంది, పడుకుని లేచేసరికి తగ్గుతుంది. ఇంకో వాపు ఉంది. అది తెల్లారినా పోదు. చీలమండ దగ్గర మొదలై పిక్కకు ఎక్కుతుంది. బొటనవేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉండిపోతుంది.

మొదటి ఇంట్లో ఒక ముసలావిడ కాలు అలా కనిపించింది. పైడమ్మ నొక్కింది. గుంట పడింది.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. కాళ్ళు ఎత్తున పెట్టుకుని పడుకోండి, వైద్యుడికి చూపించుకోండి" అంది.

"నా కొడుకు పెట్టే తిండికి ఒళ్ళు చేశానే. నీ దిష్టే తగిలేట్టుంది" అని ముసలావిడ నవ్వింది. ఇల్లంతా నవ్వింది.

రెండో ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల. కాళ్ళతో పాటు ముఖమూ ఉబ్బింది. తల పగిలిపోతోందని, కళ్ళు మసకలు కమ్ముతున్నాయని పైడమ్మ చెవిలో చెప్పింది. పైడమ్మ నొక్కింది. గుంట పడింది.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు. ఇప్పుడే వైద్యుణ్ణి పిలవండి" అంది.

"నిండు మనిషి కాళ్ళు నిండితే లక్ష్మి వచ్చినట్టు. పారాణి పెట్టేదానివి పారాణి పెట్టి పో" అని గెంటేశారు.

నాలుగో రోజున ఆ పిల్ల పోయింది. తలరాత అన్నారు. తలరాతట! చెప్పిన మనిషిని గుమ్మం దింపినవాళ్ళు ఆ మాట ఎలా అనగలిగారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

మూడో ఇల్లు ఊరికి పెద్దిల్లు. అత్తగారు బంగారమ్మ, కోడలు వరహాలు. వరహాలుకి ఏడో నెల. వెండి కడియాలు కాళ్ళలోకి దిగబడి, చుట్టూ చర్మం కమిలింది. పైడమ్మ నొక్కింది. గుంట పడింది.

ఆ ఇంట్లో కోడలు పెద్దల ముందు కాళ్ళు చాపకూడదు. మొగుడు బతికుండగా కడియం తీయకూడదు. పొద్దున్నుంచి దీపాల వేళ దాకా నిలబడే ఉండాలి. నిజం చెబితే ఏమవుతుందో పైడమ్మకు తెలుసు. రెండుసార్లు చెప్పి చూసింది.

అందుకని ఈసారి దణ్ణం పెట్టి, "అమ్మగారూ, కలలో అమ్మవారు కనబడింది" అంది.

బంగారమ్మ లేచి నిలబడింది. "ఏమందే?"

"కోడలుగారి కడియాలు తీసి తన పాదాల దగ్గర పెట్టమంది. రోజుకు మూడుసార్లు ఎడమ పక్కకు పడుకుని, కాళ్ళు బొంతల మీద ఎత్తి పెట్టుకోమంది. ఊరగాయ ముట్టొద్దంది. వారం వారం వైద్యుడు వచ్చి నాడి చూడాలంది. పురుడు వచ్చేదాకా మొక్కు."

"అంతేనా? అమ్మవారు చెబితే కాదంటామా" అంది బంగారమ్మ. అప్పటికప్పుడు కంసాలి వచ్చాడు, కడియాలు కోశాడు. అత్తగారే బొంతలు మడిచి వేసింది. చూశారా? మనిషి చెబితే చెవికెక్కని మాట, అదే మాట అమ్మవారి పేరు చెబితే ఎక్కింది.

వాపు దిగింది. పురుడు సుఖంగా వచ్చింది. తల్లీ పిల్లా క్షేమం.

మొక్కు ఎలా తీర్చాలో అడుగుదామని బంగారమ్మ పూజారిని పిలిపించింది. అలాంటి మొక్కు తానెన్నడూ వినలేదన్నాడాయన. పైడమ్మను పిలిచారు.

"అబద్ధమేనా?"

"అబద్ధమేనమ్మా. నిజాన్ని రెండిళ్ళలో చెప్పాను, పనికిరాలేదు."

"అమ్మవారి పేరు మీద బొంకుతావా? మూడు రోజులు మా గుమ్మం ముందు నిలబడు. కూర్చుంటే ఊళ్ళో ఉండవు."

అమ్మవారికి కోపం వచ్చిందని వాళ్ళకెవరు చెప్పారు? కోపమే వస్తే ఆ తల్లి పురిట్లోనే చూపించేది కదా. వచ్చింది బంగారమ్మకి. దానికి అమ్మవారి పేరు పెట్టుకుంది. మరి బొంకింది ఎవరు?

అరవై ఏళ్ళ మనిషి నిలబడింది. ఒక రోజు నిలబడింది, చీలమండలు ఉబ్బాయి. రెండో రోజు నిలబడింది, పిక్కలు ఉబ్బాయి. మూడో రోజు నిలబడింది, కాళ్ళు మోకాళ్ళ దాకా బిగుసుకుపోయాయి. ఆమె చేత పారాణి పెట్టించుకున్న ఆడవాళ్ళందరూ ఆ దారినే నడిచారు. ఒక్కరూ ఒక పీట తెచ్చి వేయలేదు.

మూడో రోజు పొద్దు వాలేవేళ వరహాలు బయటికి వచ్చింది. పసిపిల్లను దాది చేతికిచ్చి మట్టిలో కూర్చుంది. పైడమ్మను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, ఆమె కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుంది.

"లేవవే. మన ఇంటి కోడలు పనిమనిషి కాళ్ళు పట్టుకుంటుందా?" అంది బంగారమ్మ.

"నా కాళ్ళు ఆమె పట్టుకోబట్టే కదా అత్తయ్యా నేనున్నాను." వరహాలు బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. "ఇలా వచ్చి చూడండి. ఇది ఒళ్ళా, నీరా?"

బంగారమ్మ చూసింది.

వరహాలు వైద్యుణ్ణి పిలిపించింది, తన బొంతలే పరిచింది. కానీ ఆ ముసలి కాళ్ళలో నీరు ఇక తగ్గలేదు. వానలు పడకముందే పైడమ్మ పోయింది. ఆ సాయంత్రం వరహాలు పెద్దల మధ్య, నట్టింట్లో, రెండు కాళ్ళూ బొంతల మీద ఎత్తి పెట్టుకుని పడుకుంది. "ఏమిటే ఇది?" అని అడిగితే, "మొక్కు. అమ్మవారికి కాదు, పైడమ్మకి" అంది.

ఇప్పటికీ మా వైపు పారాణి పెట్టేముందు చీలమండ పైన ఒకసారి నొక్కి చూస్తారు. ముఖం ఉబ్బినా, కళ్ళు మసకబారినా, ఒక్క కాలే వాచినా మొక్కుతో ఆగరు, వైద్యుడి దగ్గరికి పరుగెడతారు. సాయంత్రాలు కోడళ్ళు కాళ్ళు ఎత్తున పెట్టుకుని పడుకుంటే పెద్దలు తప్పు పట్టరు. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే "పైడమ్మ మొక్కు" అంటారు. ఆ మాట విన్నాక, అడిగినవాళ్ళే లేచి ఇంకో దిండు తెచ్చి ఇవ్వాలి.