గలగలమ్మ గుట్టమీది దిరిసెన మాను

రాయలసీమ మెట్టపొలాల నడుమ, ఎర్రని బండరాళ్ళు పేర్చినట్లుండే చిన్న గుట్టపై గలగలమ్మ వెలసి ఉన్నది. అమ్మవారికి ఇక్కడ విగ్రహం లేదు, గోపురం లేదు. పసుపు పూసిన దిరిసెన మానే ఆమె స్వరూపం. వేసవి తొలినాళ్ళలో కొత్త చిగురు నడుమ నిరుటి ఎండుకాయలు గాలికి గలగలలాడుతుంటాయి. ఆ ధ్వనినిబట్టే అమ్మకు ఈ పేరు వచ్చింది.

పూర్వం ఇక్కడ మేకలకాపరుల పల్లె ఒకటి ఉండేది. ఆ గలగలను వారు ఆగ్రహించిన దేవత గజ్జెల సవ్వడిగా భావించి, చెట్టు నీడను సైతం తొక్కేవారు కారు. ఒక ఏడు వానలు లేక బీళ్ళన్నీ మాడిపోయాయి. ఎండుగడ్డి తప్ప మేత లేక మేకల పొదుగులు వట్టిపోసాగాయి. ఆ పల్లెలో ఈరక్క అనే స్త్రీ, పురిటిలోనే కన్నుమూసిన చెల్లెలి పసికందును ఒక చుక్కమేక పాలతో సాకుతూ ఉండేది. ఆ పాలూ ఇంకిపోసాగాయి.

దేవతకు బలి ఇస్తేనే కరువు తీరుతుందని పెద్దలు నిశ్చయించారు. కులపెద్ద బీరప్ప ఈరక్క గుమ్మానికి వచ్చి, "చెంబెడు పాలియ్యని మేకను ఏం చేసుకుంటావే? అమ్మకు ఒప్పజెప్పు" అన్నాడు.

"చెంబెడెందుకు మామా, బిడ్డ నోటికి గుక్కెడు చాలు. నీ కొట్టంలో పోతులు లేవా?" అని ఆమె ఎదురాడింది. అయినా ఆమె మాట చెల్లలేదు.

బలి కోసం తప్పదని బెదురుతూనే మేకను మాను కిందికి తెచ్చి కట్టి, వీపున పసుపునీళ్ళు చల్లారు. మేక ఒళ్ళు విదిలిస్తేనే అమ్మ సమ్మతించినట్లు; విదిలించనిదే కత్తి ఎత్తరాదు. ఆ మేక విదిలించలేదు. ముందుకాళ్ళు మానుకు ఆనించి నిలబడి, వంగిన కొమ్మను అందుకొని ఆకు మేయసాగింది.

"అమ్మవారి ఆకునే కొరికింది! ఇక కత్తితో పనిలేదు, అదే చస్తుంది" అంటూ బీరప్ప బెదిరి వెనక్కు తగ్గాడు. మేక మేస్తూనే ఉన్నది. మేక వెంటే వచ్చి, అలసి ఆ మానుకే ఒరిగిన ఈరక్కకు కునుకు పట్టింది. కలలో ఒక ముసలమ్మ కనిపించి, "గజ్జెలు మోగించి మేతకు పిలుస్తుంటే కత్తులు తెస్తారటే? గడ్డి కడుపు నింపుతుంది, నా ఆకు పొదుగు నింపుతుంది. రెండూ కలిపి పెట్టండి. కొమ్మ కొట్టుకోండి గాని నన్ను మోడు చేయకండి" అని ఆనతిచ్చింది.

ఈరక్క లేచి కల సంగతి చెప్పి, మేకను విప్పుకొని ఇంటికి నడిచింది. అమ్మ మాటకు ఎవరూ అడ్డురాలేదు. ఆకు, గడ్డి కలిపి పెట్టగా కొద్దిరోజులకే మేక పొదుగు చేపింది. పసిదాని పెదవులపై పాలనురగ చూసి బీరప్ప తన మందను గుట్టకు తోలుకొచ్చాడు.

"ముందు పాలిచ్చే తల్లిమేకలకు మామా, నీ పోతులు ఆగుతాయిలే" అన్నది ఈరక్క.

దిరిసెన పప్పుజాతి వృక్షమనీ, దాని ఆకులో మాంసకృత్తులు మెండనీ నేటి పశువైద్యులు చెబుతారు. ఆ పసిబిడ్డ వంశపు ఆడవారే ఇప్పటికీ ఇక్కడ పూజారిణులు. ఏటా మానుకు ఒక పక్క కొమ్మలనే కోసి, మరుసటి ఏడు రెండో పక్కకు వస్తారు. ఈ గుట్టపై కత్తి కోసేది ఆ కొమ్మలనే. అమ్మను సేవించిన బాలింతలకు పాలకు కొరత ఉండదనీ, మందకు తెగులు సోకదనీ భక్తుల విశ్వాసం. మొక్కుకున్నవారు తమ మేకకు ఆకు, ఎండుగడ్డి కలిపి పెట్టి చుట్టూ కూర్చుంటారు. అది తృప్తిగా పడుకొని నెమరు వేయడం మొదలుపెట్టినప్పుడే మొక్కు చెల్లినట్లు. అంతవరకు ఎవరూ గుట్ట దిగరు.