ముందు పోయే సైకిలు

శిష్యులు ఏది అడిగినా మల్లేశం ముందు వాళ్ళ సైకిలు టైరు నొక్కి చూసేవాడు. గాలి సరిపోను ఉంటే "పద" అనేవాడు. జవాబు దారిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, అరవై ఎనిమిదేళ్ళు. ఆదివారం పొద్దున్నే మెహదీపట్నం నుంచి నార్సింగి దాకా సైకిలు మీద పోయి, చాయ్ తాగి రావడం ఆయన అలవాటు. నేర్చుకుంటామని వచ్చినవాళ్ళను వెంట తీసుకుపోయేవాడు.

బ్యాంకులో పనిచేసే కల్పలత నలభయ్యో ఏట ఆయన దగ్గర సైకిలు నేర్చుకుంది. ఇల్లు, కౌంటరు తప్ప మూడోది ఎరగని ఆమెకు ఆదివారం ఆ రెండు గంటలే సొంతం. అయితే వానాకాలంలో లంగర్‌హౌస్ చౌరస్తాలో నీళ్ళు నిండిన గుంతలో పడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మళ్ళీ వచ్చింది గాని, చౌరస్తా రాగానే దిగి నడిపించుకుంటూ దాటేది. హ్యాండిలు మీంచి ఒక్క వేలు లేపేది కాదు.

"మేడమ్ గారి టైర్లు పదేళ్ళయినా అరగవు," అన్నాడు జట్టులోని మందుల షాపు సుదర్శన్. అందరూ నవ్వారు. కల్పలత కూడా నవ్వింది. కాని మరుసటి ఆదివారం, సుదర్శన్ తప్ప ఇంకెవరూ రాని రోజు, వస్తూనే మల్లేశాన్ని అడిగింది.

"సార్, ఈ భయం ఎప్పుడు పోతుంది? పోదంటే చెప్పండి, సైకిలు మా చెల్లెలి కూతురికి ఇచ్చేస్తా."

మల్లేశం వంగి ఆమె టైరు నొక్కి చూశాడు. "ఇయ్యాల నువ్వు ముందు పోవాలె."

"నేనా? మరి గుంతలెవరు చూపిస్తారు?"

"ముందున్నోళ్ళే చూపించాలె. ఎనకున్నోళ్ళకు ఏం కనపడ్తది, నీ చక్రం తప్ప?"

అది ఆ జట్టు కట్టుబాటు. గుంత వచ్చినచోట ముందు పోయేవాళ్ళు ఆ వైపు చెయ్యి దించి వేలితో చూపించాలి. చూపించకపోతే వెనకవాళ్ళు పడతారు.

మొదటి గుంత దగ్గర కల్పలత చెయ్యి తియ్యలేక "గుంత!" అని అరిచింది. బస్సు హారన్‌లో ఆ మాట కలిసిపోయింది. రెండోదాని దగ్గర చెయ్యి దించక తప్పలేదు. సైకిలు వణికింది, పడలేదు. వెనక పెద్దాయన మల్లేశం ఉన్నాడు, ఆయన చూపు అంతంతమాత్రం అని తలుచుకుంటూ కుడీ ఎడమా చూపించుకుంటూ పోయింది. మూత లేని మ్యాన్‌హోల్ దగ్గరైతే చెయ్యంతా చాచి ఊపింది. నార్సింగి చాయ్ కొట్టు దగ్గర దిగి వెనక్కి తిరిగితే మల్లేశమూ లేడు, సుదర్శనూ లేడు.

ఉన్నది ఒక్కడే. ఎవరో వాచ్‌మన్, డ్యూటీ దిగి తుప్పు పట్టిన సైకిలు మీద ఇంటికి పోతున్నవాడు. ఆమె పక్కన కాలు ఆనించి ఆగాడు.

"మంచిగ చూపించినవమ్మా. ఆ మూత లేనికాడ నీ చెయ్యి చూడకపోతే నేను అండ్లనే ఉంటుంటి," అని తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

పావుగంటకు మల్లేశం, సుదర్శన్ వచ్చారు, చేతుల నిండా గ్రీజుతో.

"ఎక్కడ ఆగిపోయారు సార్?"

"నా చైన్ పడ్డది. లంగర్‌హౌస్ చౌరస్తా రాకముందే."

కల్పలత చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చిన దారి వైపు చూసింది. చౌరస్తా ఎప్పుడు దాటిందో ఆమెకు గుర్తు లేదు. దిగలేదన్నది మాత్రం నిజం.

సుదర్శన్ ఊరుకోడుగా! "అయితే మేడమ్, సైకిలు మీ చెల్లెలి కూతురికి ఎప్పుడు ఇస్తున్నారు?"

"దానికి వేరేది చూస్తాలే," అని కల్పలత మల్లేశం వైపు తిరిగింది. "సార్, తిరిగి పోయేటప్పుడైనా మీరు ముందుంటారా?"

మల్లేశం పాత గుడ్డతో చేతులు తుడుచుకుని, వంగి మళ్ళీ ఆమె టైరే నొక్కి చూశాడు.

"నా చైన్‌ను నమ్మేటట్టు లేదు. నువ్వే ముందు నడువు తల్లీ."