నూకరత్నం చూసిన జానెడు సినిమా

అనగనగా ఒక ఊళ్ళో ఒక బడి. ఆ బళ్ళో ఒక స్తంభం. కథంతా ఆ స్తంభం దగ్గరే ఉంది కాబట్టి ముందే చెప్తున్నాను. మళ్ళీ మధ్యలో లేచి కూర్చుని, ఏ స్తంభం అమ్మమ్మా అని అడగకు.

ఆ బడి ఒకప్పుడు జీడిపిక్కల గోడౌను. అందుకని ఉన్నది ఒకటే పెద్ద గది, దాని నడిమధ్యలో ఆ స్తంభం. ఇద్దరు పిల్లలు చేతులు చాచి చుట్టూ పట్టుకున్నా అందదు, అంత లావు. దాని వెనక కూర్చునేది నూకరత్నం అనే ఎనిమిదేళ్ళ పిల్ల. అందరికంటే ఆఖర్న చేరింది కదా, అప్పటికి ఖాళీగా ఉన్న చోటు అదొక్కటే.

బడి మాస్టారి పేరు వరహాలరావు. ఆయనకి సినిమాలంటే ప్రాణం. ఎక్కడో ఒక పాత మిషను సంపాదించి, ప్రతి శనివారం మధ్యాహ్నం కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్ల పంచె బిగించి, పిల్లలకి ఒక చిన్న సినిమా వేసేవారు. వేసి ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతారు? తలా ఒక పుస్తకం ఇచ్చి, చూసిన సినిమా గురించి అందులో రాయమన్నారు. ఎవరు చూసింది వాళ్ళే రాయాలి. బాగా రాయకపోతే సున్నా. మూడు సున్నాలొస్తే ఇంక సినిమా లేదు. ఆ వేళకి బయటికెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసుకోవాలి.

నూకరత్నం వాళ్ళింట్లో టీవీ లేదు. ఆ పిల్ల బుద్ధెరిగాక చూసిన మొదటి సినిమా ఆ పంచె మీదే. స్తంభం అడ్డం పోగా కనబడేది ఎడమపక్క జానెడు. ఆ జానెడే కళ్ళార్పకుండా చూసేది. మళ్ళీ శనివారం ఎప్పుడొస్తుందా అని ఆదివారం నుంచే ఎదురుచూసేది.

మొదటి వారం రాజుగారి సినిమా. గుర్రాలు, కత్తులు, యుద్ధం. పిల్లలందరూ రెండేసి పేజీలు నింపారు. నూకరత్నం ఇలా రాసింది: "ఏనుగు తోక వచ్చింది. చాలాసేపు ఊగింది. దాని మీద ఈగ వాలింది. తోక వెళ్ళిపోయింది." మాస్టారు చదివి, ఈ పిల్ల సినిమా అంతా నిద్రపోయిందనుకున్నారు. సున్నా పెట్టారు.

ఆ తర్వాత వారం పెళ్ళి సినిమా. "ఒక చెయ్యి గారెలు వడ్డించింది. మూలనున్న ఆకులో మాత్రం ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఆ ఆకు ముందు ఒక మోకాలు ఉంది. పాపం, దానికి ఎంత ఆకలేసిందో. నాకు ఏడుపొచ్చింది." పెళ్ళికూతురేదీ, పెళ్ళికొడుకేడీ అని మాస్టారు పుస్తకం తిరగేసి వెతికారు, బోర్లేసి దులిపారు. ఎవరూ దొరకలేదు. ఇది నిద్ర కాదు, వెటకారం అనుకున్నారు. రెండో సున్నా పడింది.

అప్పుడు నూకరత్నానికి బెంగ పట్టుకుంది. అన్నం సయించలేదు. ఇంకొక్క సున్నా వస్తే ఆ జానెడూ పోతుంది. ముందు వరసలో కూర్చునే గౌరీశ్వరి జాలిపడి, నా పుస్తకం ఇస్తాను, చూసి రాసేసుకోవే అంది.

"నీది నేను రాస్తే, నా ముక్క ఎవరు రాస్తారే?" అంది నూకరత్నం.

ఏం ముక్కో గౌరీశ్వరికి బోధపడలేదు. సరే నీ ఇష్టం అని వెళ్ళిపోయింది.

మూడో వారం మేక సినిమా. ఒక ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు. కట్టేసిన మేక ఎలాగో తప్పించుకుని, అమ్మ కొత్త పట్టుచీర నమిలేస్తుంది. మేకని నువ్వు విప్పావంటే నువ్వు విప్పావని అన్నదమ్ములు సినిమా పొడుగునా తిట్టుకుని, చొక్కాలు చింపుకుని, చివరికి ఓపిక లేక కలిసిపోతారు. విప్పిందెవరో మాత్రం తేలదు. మాస్టారు ఆ సినిమా అప్పటికి పదిసార్లు చూశారు, ఆయనకీ తెలీదు. మీకెవరైనా కనబడితే రాయండర్రా అన్నారు.

పెద్దోడని సగం మంది రాశారు, చిన్నోడని సగం మంది. ఒకడైతే పోస్టుమాను విప్పాడని రాశాడు. ఆ సినిమాలో పోస్టుమానే లేడు. నూకరత్నం మాత్రం ఇలా రాసింది: "మేకని ఎవరూ విప్పలేదు. అదే తాడు కొరుక్కుంది. ఒకసారి కొరికి ఇటు చూసింది. రెండోసారి కొరికి అటు చూసింది. మూడోసారి తెగింది."

సున్నా పెట్టబోయిన మాస్టారు ఆగారు. ఎర్రకలం చెవి మీద పెట్టుకుని మిషను మళ్ళీ తిప్పారు. పంచె మధ్యలో అన్నదమ్ములు అన్నం తింటూ కబుర్లాడుకుంటున్నారు. ఎడమపక్క మూల మేక కొరికింది, ఇటు చూసింది. కొరికింది, అటు చూసింది. మూడోసారి తాడు తెగింది. అందరూ నోళ్ళు తెరిచారు.

ఆ తర్వాత మాస్టారు ఏం చేశారో తెలుసా? నేరుగా వెళ్ళి నూకరత్నం చోట్లో మఠం వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా స్తంభం, దాని పక్కన జానెడు పంచె. ఆయన మొహం చిన్నబోయింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమే తల్లీ?"

"ఏం చెప్పాలండీ? తలా ఒక ముక్క చూపిస్తున్నారనుకున్నానండి. అందరివీ కలిపి మీరు సినిమా చేసుకుంటారు కదా అని, నా ముక్క పోకుండా రాశానండి."

మాస్టారికి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళనీళ్ళూ తిరిగాయి. చెవి మీది ఎర్రకలం తీసి, పాత సున్నాలు రెండింటికీ ముందు ఒక్కో ఒకటి చేర్చి పదులు చేశారు. మేకకి ఇంకో పది.

తర్వాతి శనివారం నూకరత్నాన్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇంక చూడు, స్తంభం వెనక చోటు కోసం మిగతా పిల్లలు కొట్టుకున్నారు, అక్కడైతే మేకలు కనబడతాయని. వారానికొకరని వంతులు పెట్టేదాకా గొడవ తగ్గలేదు.

ఆ రోజు నూకరత్నం పంచె ఈ చివర నుంచి ఆ చివరకి మెడ తిప్పుకుంటూ సినిమా అంతా చూసింది. ఎంత సంతోషమో ఆ పిల్లకి. చూసి, పుస్తకం తెరిచి, చాలాసేపు ఆలోచించి, ఒక్క మాట రాసింది: "అందరికీ రెండు చేతులున్నాయి."

కథేమో కంచికి,
పుస్తకమేమో సంచికి,
మనమేమో మంచానికి.