ఆనవాలమ్మ తెల్లకోక

ఏరు సముద్రంలో కలిసే మొగకు ఉత్తరాన, సరుగుడు తోటలు దాటాక వచ్చే ఇసుక దిబ్బ మీద ఆనవాలమ్మ తల్లి కొలువై ఉంది. చుట్టూ ఉన్న నాలుగు గుడిసెలకూ డాబాలకూ కూడా ఆ తల్లి పేరే. ఇది పంచాయతీ కాదు, ఏ పంచాయతీలోనూ స్థిరంగా లేదు. ఓట్లప్పుడు పక్కనున్న రెండు ఊళ్లూ మాదేనంటాయి; సముద్రం ఒడ్డును కోసుకుపోయినప్పుడు మీదేనంటాయి. ఈ పేచీ తల్లికి మాత్రం పట్టలేదు. తోటలో కాలిబాట పట్టి వచ్చే భక్తులకు ముందుగా ఒంటి తాటిచెట్టు, దాని ఎదుట సున్నం వేసిన చిన్న గుడి కనిపిస్తాయి.

పూర్వం ఇక్కడ దిబ్బ లేదు. నీటి అంచున ఒక తాటాకు పాక, దానికి సున్నం పూసిన గోడ, లోపల నల్లరాయిగా వెలసిన గంగమ్మ తల్లి, వెనుక ఈ ఒంటి తాటిచెట్టు ఉండేవి. దీపం పెట్టే వంతు సూరాడ గురమ్మది. పెనిమిటి ఎర్రయ్య తెప్ప మీద వేటకు వెళితే, తిరిగి వచ్చేదాకా మెతుకు ముట్టని మనిషి ఆమె. ఒక యేడు సముద్రం ఒడ్డును కొరుక్కుంటూ గుడి దగ్గరకు వచ్చింది. గురమ్మకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. ఒక తెల్లవారుజామున కాస్త కన్ను మూతపడగా తల్లి కలలోకి వచ్చి, "నా కాళ్లు తడిసిపోతన్నాయే గురమ్మా" అన్నది. అంతే అన్నది. కదిలించమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు.

గురమ్మ లేచేసరికి తెప్పలన్నీ వేటకు పోయాయి. మగవాళ్లు వచ్చేదాకా ఆగుదామంటే ఆమె మనసు ఆగలేదు. ఆడవాళ్లను కూడగట్టి, పాక విప్పించి, తల్లిని మొగ వైపున్న మెరకకు చేర్చింది. తడికలతో కొత్త గుడి కట్టి దానికి సున్నం కూడా పూశారు.

కాలు దెబ్బతిని వేట మానుకున్న ముసలి దానయ్య కర్ర పట్టుకుని అప్పుడు వచ్చాడు. కొత్త గుడిని చూశాడు, తాటిచెట్టును చూశాడు, అక్కడే కూలబడ్డాడు.

"ఎంత పని సేసినారే. తెప్పలోలు ఏటి సూసుకొని ఒడ్డుకొస్తారు?"

నీటి మీదున్న వాళ్లకు ఒడ్డంతా ఒకేలా ఉంటుంది. తెల్లగుడినీ తాటిచెట్టునూ ఒకే సూటిలో పెట్టుకుని వస్తేనే లోతు దారి దొరుకుతుంది. ఆడవాళ్లు తెప్ప ఎక్కరు కనుక ఆ ఆనవాలు సంగతి వాళ్లకు తెలియదు. గుడి చోటు మారింది కనుక ఇప్పుడా సూటి పట్టుకుంటే తెప్పలు నేరుగా మొగలోని ఇసుక మేట మీదికి, కెరటాలు విరిగే చోటికి వస్తాయి. గాలి అప్పటికే లేచింది. దూరాన తెరచాపలు కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా ముందున్నది మేట వైపు తిరిగింది కూడా.

ముందున్నది ఎవరి తెప్పో అడగడానికి గురమ్మకు భయం వేసింది. తల్లిని నెత్తిన పెట్టుకుని పాత చోటికి పరుగెత్తింది. అక్కడ మోకాటి లోతు నీళ్లు. కొందరు కొత్త గుడి తెలుపు కనపడకుండా వలలు కప్పి, బురద పూశారు. మిగిలినవాళ్లు ఆమె అత్తగారి తెల్లకోకను రెండు తెడ్లకు కట్టి ఆమె వెనుక ఎత్తి పట్టారు. కెరటం మీద పడుతున్నా గురమ్మ కదల్లేదు. తల్లిని తిట్టింది, మొక్కింది, మళ్లీ తిట్టింది. తెల్లకోక చూసి ఒక్కో తెప్పా దారి మళ్లి ఒడ్డు చేరింది. వచ్చిన ప్రతి తెప్పలోనూ ఆమె ఒకే ముఖం కోసం వెతుక్కుంది. ముందున్న తెప్ప ఎర్రయ్యది. అది రాలేదు.

ఎవరెంత బతిమాలినా ఆమె నీళ్లలోంచి బయటికి రాలేదు. మర్నాడు చూస్తే సముద్రం వెనక్కి తగ్గి, ఆమె నిలబడ్డ చోట ఇసుక దిబ్బ వేసి ఉంది. దాని మీద తల్లి ఉంది. గురమ్మ లేదు.

నాటి నుంచి గంగమ్మ తల్లి ఆనవాలమ్మ అయింది. ఒక్క పడవ నీటి మీదున్నా ఇక్కడ గుడి మీద చెయ్యి వేయరు, తాటి మట్ట కొట్టరు. ఏటేటా వేట మొదలైన రోజు ఊరి ఆడవాళ్లు తెల్లకోక పట్టుకుని నీళ్లలో నిలబడతారు. దూరాన ఉన్నవారి కోసం దిగులుపడే భక్తులు ఆ కోక అంచు పట్టుకుంటే తల్లి గుండె నిబ్బరం ఇస్తుందని నమ్మకం. ఇప్పటి పడవలకు ఇంజన్లున్నాయి, దారి చూపే యంత్రాలున్నాయి. అయినా చివరి పడవ ఒడ్డెక్కాక కూడా దీపాల వేళ దాకా కోక దించరు. అందరూ వచ్చేశారు కదా, ఇంకా ఎవరి కోసమని భక్తులు అడుగుతుంటారు. ఆడవాళ్లు సముద్రం మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబు చెబుతారు.

"ఎర్రయ్య మావ ఇంకా రానేదు కదా."