ఖలందర్ అప్పగించని గది

ఖలందర్‌కు ఆ ఎండాకాలమంతా మనసు కుదురుగా లేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "గడప సరిగ్గా లేదు" అనేవాడు. అసలు కారణం ఓబులేసు అని అతనికి లోలోపల తెలుసు.

గడప ఒక ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటరు వెలగగానే ఎదురయ్యే తెర, ఆ తెర మీద తెరుచుకొనే కిటికీలు, వాటి వెనుక నడిచే యంత్రాంగం, అన్నిటికీ కలిపి ఆ పేరు. పెన్నకు దక్షిణాన, నల్లరాళ్ల గనుల నడుమ ఉన్న ఒక చిన్న దర్గా వెనుక అది పుట్టింది. ఆ దర్గా పెద్ద హజరత్ బుర్హాన్ సాహెబు. ఆయన ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవారు. తన గురువైన పీరు గద్దె మీద కూర్చున్నాక కూడా కంప్యూటరును విడిచిపెట్టలేదు. దువా కోసం వచ్చినవారిలో కొందరు ఆయన దగ్గర పని నేర్చుకొంటూ అక్కడే నిలిచిపోయారు. వాళ్లు కట్టిన గడపే ఇప్పుడు చుట్టుపక్కల బడులలోను, గ్రంథాలయాలలోను, కుట్టు కేంద్రాలలోను నడుస్తోంది.

ఆ పనిశాలలో కట్టుబాటు ఒక్కటే. గడపలోని ఒక్కొక్క భాగాన్ని వాళ్లు గది అని పిలిచేవారు. గదిని కట్టినవారిదే దాని మీద అధికారం. మరొకరు దాని లోపలి రాతను, అంటే కోడ్‌ను, ముట్టుకోవాలంటే, కట్టినవారే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆ రాతంతా చదివి వినిపించి, తమ చేతులతో అప్పగించాలి. ఇమ్మని హజరత్ మాత్రం ఎవరినీ అడగరు.

"నేనడిగితే ఇచ్చేది సుంకమప్పా. ఇయ్యడం కాదు" అనేవారు.

ఖలందర్‌ది అక్షరాల గది. కీబోర్డు, అక్షరాల పరిమాణం, తెలుగు నుంచి ఉర్దూకూ ఇంగ్లీషుకూ మారే ఏర్పాటు, ఇవన్నీ అందులోనివే. తెలుగు వత్తులు చెదరకుండా తెర మీద మొదటిసారి నిలబడిన రోజున హజరత్ అతని నుదుటి మీద ముద్దు పెట్టుకొన్నారు. ఆ ముద్దు సంగతి ఖలందర్ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకొంటే అరిగిపోతుందని భయపడినట్టు దాచుకొన్నాడు.

ఓబులేసు తరువాత వచ్చినవాడు. తల మీద రుమాలు కట్టుకొని గురువారం నాడు దర్గాకు మొక్కు చక్కెర చదివించడానికి వచ్చి, పనిశాల గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగిచూసి, ఇక వెళ్లలేదు. అతడు గురువును హజరత్ అనడు. "సామీ" అంటాడు. ఆ పిలుపుకు గురువు కొంచెం త్వరగా తల తిప్పుతారేమోనని ఖలందర్‌కు అనుమానం.

చిందరవందరగా ఉన్న సెట్టింగ్స్ అన్నిటినీ ఒక్కచోటికి తెచ్చి, ఓబులేసు కొత్త కిటికీ ఒకటి కట్టాడు. మూలలు గుండ్రంగా, మాటలు తేటగా ఉన్న ఆ కిటికీని హజరత్ చాలాసేపు చూశారు.

"ఎంత వెలుగుందప్పా దీంట్లో!" అన్నారు.

తన గదిని చూసి ఆయన వెలుగు అన్న మాట ఎన్నడూ అనలేదని ఖలందర్‌కు ఆ క్షణాన గుర్తుకు వచ్చింది. ఆ తరువాత మరిచిపోవడం సాధ్యం కాలేదు.

అదే ఏడు హజరత్ భార్య పీరమ్మ కన్నుమూసింది. ఆవిడ పోయాక హజరత్ ఉదయపు చాయ్ మానేశారు. ఎవరు ఇచ్చినా తీసుకోలేదు. ఒకరోజు ఓబులేసు, ఏమీ అడగకుండా, గ్లాసు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. హజరత్ తాగారు. ఆ గ్లాసును తాను ఎందుకు తేలేకపోయానా అని ఖలందర్ నెలల తరబడి కుమిలిపోయాడు. పీరమ్మ చేతి అన్నం ఎక్కువగా తిన్నవాడు తాను. ఆవిడ కోసం ఏడ్చినవాడు తాను. అయినా ఆ గ్లాసు తనకు తోచలేదు.

అప్పటినుంచి గురువు నవ్వితే, ఆ నవ్వు ఎవరి వైపు తిరిగిందో ముందు చూసి, ఎందుకు నవ్వారో తరువాత వినేవాడు.

కొత్త కిటికీ పూర్తి కావాలంటే అక్షరాల గది కూడా అందులో కలవాలి. ఓబులేసు వచ్చి అడిగాడు.

"అన్నా, నీ గది ఒకసారి చదివి చెప్తావా? కలుపుదాం."

"ఇంకా పండలేదు" అన్నాడు ఖలందర్. "కొన్ని చోట్ల సరిచేయాల్సింది ఉంది."

సరిచేయాల్సింది ఏమీ లేదు. ఓబులేసు మళ్లీ వచ్చినప్పుడు కూడా అదే మాట చెప్పాడు. ఆ తరువాత ఓబులేసు అడగడం మానేసి, తన కిటికీలో ఆ చోట ఒక వాక్యం రాసి ఊరుకొన్నాడు: "అక్షరాల కోసం పాత గదికి వెళ్లండి."

గడప అలాగే విడుదలైంది.

ఆ తరువాత మొదలైంది అవస్థ. నల్లరంగు ఎంచుకొంటే కొత్త కిటికీలు నల్లబడేవి, పాతవి తెల్లగానే మిగిలేవి. మూసే గుర్తు ఒకదానికి కుడివైపు, మరొకదానికి ఎడమవైపు. ఒకచోట "దాచు" అంటే మరొకచోట "భద్రపరచు" అనేది. ఒక విడుదలలో ఉన్న సౌకర్యం తరువాతి విడుదలలో కనబడేది కాదు. అది ఎందుకు పోయిందో, పోగొట్టినది ఎవరో చెప్పేవారు ఉండేవారు కారు. అక్షరాలు పెద్దవి కావాలని కొత్త కిటికీలో కోరితే సగం తెర మీద మాత్రమే పెద్దవయ్యేవి. మిగతా సగం ఖలందర్ గది మాట తప్ప వినేది కాదు.

ఒక మధ్యాహ్నం బడి నుంచి సుభద్రమ్మ టీచరు ఆటోలో వచ్చింది. చంకలో ల్యాప్‌టాప్, ముఖమంతా చెమట.

"ఏం సార్, ఇది గడపనా, ఇద్దరు అత్తలున్న ఇల్లా?" అంటూ అరుగెక్కింది. "ఒకామె సరే అంటుంది, రెండో ఆమె కాదంటుంది. ప్రశ్నపత్రం తెలుగులో కొట్టాల. కొత్త కిటికీలో తెలుగు పెట్టినా. పెట్టినట్టే చూపిస్తుంది. కొడితే ఇంగ్లీషు వస్తుంది!"

హజరత్ అరుగు మీద గోడకు ఆనుకొని ఉన్నారు. ఓబులేసు లోపలి నుంచి లేవబోయాడు. అతనికంటే ముందు ఖలందర్ లేచాడు.

"ఇట్లియ్యండమ్మా. అది అక్కడ కాదు. ఇది మూసేయండి. పాత గది తెరవండి. ఇక్కడ నొక్కండి. ఊఁ... ఇప్పుడు మళ్లీ ఆ కొత్తదానికి పోండి."

తెలుగు వచ్చింది. సుభద్రమ్మ గుండె మీద చెయ్యి వేసుకొంది.

"మీరుండబట్టి సరిపోయింది. రేపు మళ్లీ పోతే?"

"ఫోను చేయండమ్మా. నేనే వస్తా."

"ఎన్నిసార్లని వస్తారు సార్? మా హెడ్‌మాస్టరు ఈ విడుదల కూడా ఇట్లే ఉంటే గడప తీసేస్తానంటున్నాడు. పిల్లోళ్లు తెలుగులో కొట్టేది దీంట్లోనే. తీసేస్తే వాళ్లకు ఇంకోటి లేదు."

ఆమె వాకిలి దగ్గరకు వెళ్లి ఆటో కోసం చూస్తూ నిలబడింది. "మీరుండబట్టి" అన్న మాట ఖలందర్ చెవిలో ఇంకా తియ్యగా ఉంది. ఆ తీపితోనే అతడు గురువు వైపు తిరిగాడు.

"చూసినారా హజరత్? బడులు పోతాయి. ఇంతకాలం కట్టింది పోతుంది. ఎవరికి తోచింది వాళ్లు చేస్తే ఇట్లనే అవుతుంది. ఒక పద్ధతి లేదు. కొత్తది మొదలుపెడతారు, సగంలో వదిలేస్తారు. పాతదాన్ని ముసలిదంటారు. పని మాత్రం పాతదే చేయల్ల."

"ఎవరప్పా వాళ్లు?"

ఖలందర్ తలుపు వైపు కళ్లు తిప్పాడు. తలుపు అవతల ఓబులేసు వేళ్లు కీబోర్డు మీద ఆగిపోవడం వినిపించింది.

"మీరు ఒక మాట చెప్పండి" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ గడపకు పెద్ద ఎవరో తేల్చండి. నేనంటే నేను. వాడంటే వాడు. ఇద్దరం మాత్రం వద్దు."

హజరత్ నెమ్మదిగా లేచి అరుగు అంచు దాకా నడిచారు. మెట్టు కింద ఖలందర్ చెప్పులు ఉన్నాయి. వంగి, వాటిలో ఒకదాన్ని తీసుకొన్నారు. పైపంచె కొంగుతో దాని దుమ్ము తుడిచారు. మళ్లీ వచ్చి గోడకు ఆనుకొని, చెప్పును ఒడిలో పెట్టుకొని కూర్చున్నారు.

"దప్పికగా ఉందప్పా. ఆ వాకిలి కాడ కుండలో నీళ్లు తెచ్చి పెట్టు."

వాకిలి దాకా పరిచింది నల్లబండలు. చైత్రం వెళ్లిన ఎండ. ఆ వేళకు వాటి మీద కాకి కూడా వాలదు.

"హజరత్, నా చెప్పు..."

"ఇది నా దగ్గరుంటుంది. శానా మంచి చెప్పు. ఎంత బాగా కుట్టినారో చూడు."

"ఇంకొకటి ఉందిగా. రెండూ ఉంటే గదా నడిచేది."

"నిజమే" అన్నారు హజరత్. ఇవ్వలేదు.

గురువు దప్పిక అన్నాక నిలబడి ఉండడం ఖలందర్‌కు చేతకాదు. మిగిలిన చెప్పు తొడుక్కొని బండల మీద దిగాడు. బోసికాలు ఆనిన మరుక్షణం ఎత్తేశాడు. ఒంటికాలి మీద గెంతాడు. తూలి మళ్లీ బోసికాలు ఆనించాడు. మళ్లీ గెంతాడు.

వాకిట్లో సుభద్రమ్మ పకపక నవ్వింది. "ఏం సార్, తొక్కుడుబిళ్ల ఆడుతున్నారా?"

ఓబులేసు బయటికి పరుగెత్తుకొచ్చి, మెట్టు కిందున్న తన చెప్పులు తీసుకొని బండల మీదికి దిగాడు. "అన్నా, నావి ఏసుకో! కాలు కాల్తాది!"

"వద్దు!"

తాను అంత గట్టిగా అరిచినందుకు ఖలందరే ఉలిక్కిపడ్డాడు. ఓబులేసు చెప్పులు చేత పట్టుకొని అక్కడే నిలిచిపోయాడు. కాలు కాలినా సరే, వాటిలో పాదం పెట్టకూడదనిపించింది ఖలందర్‌కు. ఎందుకో ఆలోచించడానికి బండలు వ్యవధి ఇవ్వలేదు.

కుండలో చెంబు ముంచాడు. తిరిగి వచ్చేటప్పుడు సగం నీళ్లు ఒలికిపోయాయి. మిగిలినవాటిని గురువు ముందు పెట్టి, అరుగు మీద కూలబడి, అరికాలు పట్టుకొన్నాడు. ఎర్రగా కమిలింది. కళ్లలో తిరిగిన నీరు మంటవల్ల అని అనుకొన్నాడు.

హజరత్ బిస్మిల్లా అని నీళ్లు తాగారు. మూతి తుడుచుకొన్నారు. చెప్పు ఇంకా ఆయన ఒడిలోనే ఉంది.

ఖలందర్ ఇక ఉండలేకపోయాడు.

"ఒక్క చెప్పు మీకేం పనికొస్తుంది హజరత్?"

"ఏమీ రాదు."

"మరి ఏమిటికి పెట్టుకొన్నారు?"

హజరత్ చెప్పును ప్రేమగా నిమిరారు.

"ఇది నా కాడ ఉంటే, నువ్వు యాడికి పోవాలన్నా నా కాడికి వచ్చి అడగల్ల గదా నాయనా."

ఆ మాటలో కోపం లేదు. ఎగతాళి లేదు. పీరమ్మ పోయిననాటినుంచి ఆ గొంతులో ఉంటూ వచ్చిన అలసట మాత్రం ఉంది.

వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. సుభద్రమ్మ ల్యాప్‌టాప్‌ను పొత్తిళ్లలో బిడ్డను పట్టుకొన్నట్టు పట్టుకొని ఎక్కింది. ఆటో మలుపు తిరిగేదాకా ఖలందర్ దానినే చూస్తూ ఉన్నాడు. "మీరుండబట్టి" అన్న మాటను మళ్లీ ఒకసారి మనసులో అనుకొని చూశాడు. ఇందాకటి తీపి అందులో లేదు.

ఓబులేసు ఇంకా చెప్పులు చేత పట్టుకొనే నిలబడి ఉన్నాడు. అతని అరికాళ్ల కింద కూడా బండలే ఉన్నాయి. ఖలందర్ అది అప్పుడు చూశాడు.

ఒడిలోని చెప్పు కోసం అతడు చెయ్యి చాపలేదు. కాలికి ఉన్న రెండోదాన్ని కూడా విడిచి, గురువు మోకాలి పక్కన పెట్టాడు. కుంటుకొంటూ లోపలికి వెళ్లి తన స్థానంలో కూర్చున్నాడు. అక్షరాల గది తెరిచాడు. రాతను మొదటి వరుస దగ్గరకు జరిపాడు.

"ఓబులేసూ, ఎండలోంచి లోపలికి రా" అన్నాడు. "కుర్చీ ఇట్ల జరుపుకో."