గింజ పడని మాట

అనగనగా ఒక అడవిలో మాటలు లెక్కపెట్టే పని మొదలైంది. తమ భాషే పెద్దదని పక్క అడవి జంతువులు గొప్పలు పోయాయట. అందుకని ఇక్కడి జంతువులు మాటకో చింతగింజ చొప్పున ఒక గుంటలో వేయసాగాయి. పెద్దరికం తాబేలుది. గింజలు వేసే పని చిలుకది.

కొండల అవతలి నుంచి వలస వచ్చిన గోరింక ఒకటి ఆ అడవిలో ఉండేది. దాని కూతురు చిన్ని ఇక్కడే పుట్టింది. తన పిల్లను ఎవరూ వేలెత్తి చూపకూడదని గోరింకకు ఎప్పుడూ దిగులే.

మొదట కుందేలు ఒక పాత మాట చెప్పింది.

"ఆ మాట ఇప్పుడు ఎవరంటున్నారు?" అంది చిలుక.

"మా ముత్తవ్వ రోజూ అనేది!"

"మీ ముత్తవ్వ ఉందా?"

"లేదు."

"మరి?"

గింజ పడలేదు.

తర్వాత కోతి, ముందురోజు తానే పుట్టించిన మాట చెప్పింది.

"నువ్వు కాక ఇంకెవరైనా అంటారా?" అని తాబేలు అడిగింది.

"మా తమ్ముడు అంటాడు తాతా. కొడితే."

గింజ పడలేదు.

మూడోసారి చిన్ని ముందుకు గెంతి, "కిర్రీ!" అంది. "అంటే, ఎత్తుకుపోయే పక్షి వచ్చింది, దాక్కోండి అని. మా అమ్మ నేర్పింది."

"అలాంటి పక్షి ఇక్కడ లేదు. అది మన మాటా కాదు," అంది చిలుక. అన్నీ నవ్వాయి.

గోరింక సిగ్గుతో చితికిపోయింది. చిన్నిని పక్కకు పిలిచి, "ఇంకెప్పుడూ ఆ మాట అనకు తల్లీ. గింజ పడే మాటలే మాట్లాడు," అంది.

"సరే అమ్మా."

మధ్యాహ్నమైంది. కుందేలు ముత్తవ్వ గురించి వాదన ఇంకా తెగలేదు. బండ మీద ఆడుకుంటున్న చిన్ని పైకి చూసింది. కొండల అవతలి నుంచి ఒక డేగ వచ్చింది! చిన్ని నోరు తెరిచింది. అమ్మ చెప్పింది గుర్తొచ్చి ఆగింది.

"అమ్మా... పైన... పెద్ద రెక్కలున్న... ఒక..." అని గింజ పడే మాట కోసం వెతుక్కుంటూ అక్కడే నిలబడిపోయింది.

డేగ దిగుతోంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న ఆలోచనే గోరింకకు ఇక రాలేదు.

"కిర్రీ!" అని గొంతు చించుకుని అరిచింది.

చిన్ని బండ కిందికి దూరింది. డేగ గోళ్లకు ఒక్క తోక ఈక చిక్కింది. అది విసుక్కుని వెళ్లిపోయింది.

కాసేపటికి తాబేలు డిప్పలోంచి తల బయటపెట్టింది. "చిలకమ్మా, ఆ మాటకు ఒక గింజ వెయ్యి."

"ఎక్కడ వేయను తాతా? గుంటలో నేను దాక్కున్నాను," అంది చిలుక.

గోరింక అదేమీ వినలేదు. చిన్నిని రెక్క కిందికి తీసుకుంది. "ఏదీ, ఆ మాట ఇంకోసారి అను తల్లీ," అంది.

నీతి: పిల్లలకు మన మాట నేర్పేముందు, అది ఎవరి లెక్కలో ఉందో చూడనక్కర్లేదు.