చెంగల్రాయుడి ‘వద్దు’

కాళహస్తిలో, స్వర్ణముఖి ఏటికి దగ్గరగా, చెంగల్రాయుడనే కలంకారీ పనివాడు ఉండేవాడు. గుడ్డ మీద గీసిన గీతని వెంట్రుకవాసి కూడా చెదరనిచ్చేవాడు కాదు గానీ, రెండున్నరేళ్ల కూతురికి చెప్పిన మాట మీద మాత్రం కాసేపైనా నిలబడేవాడు కాదు.

ఆ ఇంట్లోకి వెళితే కలలోకి నడిచి వెళ్లినట్టుండేది. వసారా నిండా తాళ్లు, తాళ్ల మీద ఆరేసిన గుడ్డలు. గాలి వీచినప్పుడల్లా గుడ్డల మీది నెమళ్లు మెడలు తిప్పేవి. చిలకలు కొమ్మలు మారేవి. ఏనుగులు నిద్రమత్తులో ఉన్నట్టు మెల్లగా ఊగేవి. కూతురు వల్లి వాటి కింద తిరుగుతూ ఒక్కొక్క పిట్టకీ అన్నం మెతుకు పెట్టేది. పిట్ట తినకపోతే తనే తినేసి, “తినేసింది” అని నాన్నకి చెప్పేది. అలాంటి బిడ్డని కాదనాలంటే ఎవరికి మాత్రం నోరొస్తుంది చెప్పండి?

చెంగల్రాయుడికైతే అసలు వచ్చేది కాదు. వల్లి కలం లాక్కోబోతే “వద్దు తల్లీ” అనేవాడు. వల్లి పెదవి విరిచేది. “వద్దన్నానా!” అనేవాడు, కాస్త గట్టిగా. వల్లి నేల మీద పడి కాళ్లు కొట్టుకుంటూ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. అంతే, నాన్న గుండె నీరైపోయేది, కలం వల్లి చేతికి వచ్చేసేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని వల్లి అనేది, అవునవునని నాన్న తలూపేవాడు.

అతని భార్య గోమతి పక్కన కూర్చుని రంగులు కలుపుతూ ఇదంతా చూసేది. “ఏమయ్యా, నువ్వు వద్దంటే దానికి ‘ఇంకొంచెం గట్టిగా ఏడువు’ అని వినబడతా ఉంది” అనేది.

“పసిబిడ్డ కదా మే. పెద్దయితే అదే తెలుసుకుంటాది.”

“పెద్దయ్యే లోపల ఏరుంది కదా మనకి!”

గోమతి భయం అదొక్కటే. అద్దకం గుడ్డల్ని పారే నీళ్లలోనే జాడించాలి. ఏటికి నీళ్లొచ్చిన రోజుల్లో మొగుడూ పెళ్లాం చెరొక కొస పట్టుకుని నీళ్లలో నిలబడతారు. బిడ్డ ఒడ్డున ఇసుకలో ఆడుకోవాలి. అక్కడక్కడా ఇసుక తవ్వుకుపోయిన గుంటలున్నాయి. పైకి చూస్తే చీలమండ దాకా ఉన్నట్టుంటాయి, దిగితే మనిషి కనబడడు. చేతులు రెండూ గుడ్డకి కట్టుబడి ఉన్నప్పుడు బిడ్డని ఆపగలిగేది ఒక్క మాటే. ఆ మాటేమో వాళ్ల ఇంట్లో చెల్లడం మానేసి చాలా కాలమైంది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెంగల్రాయుడు ఒక పెద్ద గుడ్డ తలపెట్టాడు. గుడ్డంతా ఒకే చెట్టు, చెట్టు నిండా పిట్టలు. ముందుగా గుడ్డని కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలల్లో, అంటే గేదె పాలల్లో, నానబెట్టి ఆరేయాలి. కరక్కాయ వగరు ఉంటేనే నలుపు పడుతుంది. పాల జిడ్డు ఉంటేనే ఆ నలుపు గీత దాటి పాకకుండా ఉంటుంది. ఈ సంగతి చెంగల్రాయుడికి తన పేరెంత తెలుసో అంత తెలుసు.

గోమతి బిందెడు పాలు తెచ్చిపెట్టి కట్టెలకి వెళ్లింది. వల్లి చంకలో చెక్కబొమ్మతో వచ్చి బిందె ముందు నిలబడింది.

“బొమ్మకి నీల్లు పోస్తా.”

“ఇవి నీళ్లు కాదు తల్లీ, గుడ్డకి పాలు. వద్దు.”

వల్లి పెదవి విరిచింది. తర్వాత ఏమైందో మీకు తెలిసిందే. మొదట ఒక గ్లాసుడు ఇచ్చాడు. గ్లాసు చాలలేదు. ఏడుపు ఇంకాస్త పెరిగింది, చెంబు వచ్చింది. చివరికి బొమ్మతోపాటు బొమ్మ తల్లి కూడా పాలల్లో తలంటుకుంది. బిందె అడుగున మిగిలిన పాలని చూసి చెంగల్రాయుడు తల గోక్కున్నాడు. ‘పోనీలే, కరక్కాయ ఇంకో పిడికెడు ఎక్కువ వేస్తే సరిపోదా’ అనుకున్నాడు. సరిపోదని అతని చేతులకి తెలుసు. అయినా నీళ్లు కలిపి, పొడి ఎక్కువేసి, గుడ్డ ముంచి ఆరేశాడు.

మర్నాడు ఉదయం ఎండ పలచగా పడుతుండగా గీయడం మొదలుపెట్టాడు. కొమ్మ గీశాడు, కొమ్మ మీద నెమలి గీశాడు, పక్కనే చిలకనీ మామిడికాయనీ గీశాడు. గీత ఒక్క క్షణం సన్నగా నిలబడింది. తర్వాత మెల్లగా, చప్పుడు లేకుండా, అంచులు దాటి పాకింది. నెమలి మెడ లావైంది. తోక కొమ్మలో కలిసింది. చిలక ముక్కు పోయి మామిడికాయని తాకింది. చూస్తుండగానే చెట్టు చెట్టు కాకుండా పోయి, గుడ్డంతా నల్లటి పొగమంచు కమ్ముకుంది.

వల్లి చప్పట్లు కొట్టింది. “నాన్నా, మబ్బు! మబ్బొచ్చింది!”

చెంగల్రాయుడికి కళ్లెర్రబడ్డాయి. “నీవల్లే! అంతా నీవల్లే! పో అవతలికి!” అని అరిచాడు. ఎన్నడూ వినని ఆ గొంతు విని వల్లి బిక్కచచ్చిపోయింది. ఏడవను కూడా ఏడవలేదు. వెళ్లి ఒక గుడ్డ వెనకాల దాక్కుంది. గుడ్డ కింద నుంచి చిన్న పాదాలు రెండు కనబడుతున్నాయి, వణుకుతున్నాయి.

గోమతి పరుగున వచ్చి బిడ్డని ఎత్తుకుంది. “నిన్న చెప్పాల్సిన వద్దుని ఈ పొద్దు అరుపు చేసి ఇస్తే దానికేం తెలుస్తాదయ్యా? నిన్న ఇచ్చింది నువ్వే, ఈ పొద్దు కసిరేదీ నువ్వే. అది ఏ నాన్నని నమ్మాల?”

ఆ పాదాల వణుకు చెంగల్రాయుణ్ణి తినేసింది. పాడైన గుడ్డ ముందు కూలబడ్డాడు. ఇన్నాళ్లూ బిడ్డకి పాలు మాత్రమే పోశాను, ఈ రోజు ఒట్టి వగరు తాగించాను అనుకున్నాడు. రెండూ కలిపి పట్టించాలని గుడ్డ విషయంలో తెలిసినవాడికి, బిడ్డ విషయంలో తెలియలేదు. సిగ్గేసింది.

మూడో రోజు గోమతి కొత్త గుడ్డ కోసం మళ్లీ పాలు తెచ్చింది. వల్లి మళ్లీ బొమ్మతో వచ్చింది.

“ఇవి గుడ్డకి తల్లీ. బొమ్మకి నీళ్లు పోద్దాం, రా” అన్నాడు చెంగల్రాయుడు.

“పాలే!”

“పాలు వద్దు.”

వల్లి పడింది, పొర్లింది, బొమ్మని విసిరేసింది, ఎత్తుకోబోతే మణికట్టు కొరికింది. చెంగల్రాయుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు గానీ మాట వెనక్కి తీసుకోలేదు. అరవలేదు. పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

పక్కింటామె గోడ మీంచి తొంగి చూసింది. “ఏం నాయనా, చెంబుడు పాలకి బిడ్డని అట్లా ఏడిపిస్తా ఉండావు?”

ఆ మాటకి అతని చెయ్యి చెంబు దాకా వెళ్లింది. గోమతి చూస్తూనే ఉంది. చెయ్యి మళ్లీ ఒళ్లోకి వచ్చేసింది. అతనికీ కళ్లలో నీళ్లు తిరిగాయి, పాపం.

పొద్దు మెల్లగా ఎక్కింది. పైన గుడ్డలు ఊగుతూ ఉన్నాయి, వాటి నీడలు తండ్రి మీదుగా బిడ్డ మీదికి, బిడ్డ మీదుగా తండ్రి మీదికి జారుతూ ఉన్నాయి. ఏడుపు అరుపు నుంచి మూలుగైంది, మూలుగు నుంచి వెక్కిళ్లయింది. చివరికి వల్లి పాకుతూ వచ్చి నాన్న ఒళ్లో తల పెట్టింది. “నీల్లు” అంది నీరసంగా. ఇద్దరూ కలిసి బొమ్మకి నీళ్లు పోశారు.

ఒక్కరోజుతో అయిపోయిందనుకునేరు! మర్నాడు కలం కోసం ఇల్లు పీకి పందిరేసింది. ఆ తర్వాత రోజు వీధిలోకి పరిగెత్తింది. చెంగల్రాయుడు అన్నిటికీ వద్దనడం మానేశాడు. ఇవ్వగలిగింది మొదట అడిగినప్పుడే నవ్వుతూ ఇచ్చేసేవాడు. ఇవ్వకూడని దానికి ఒక్కసారి వద్దనేవాడు, అన్నాక మారేవాడు కాదు, లేచి వెళ్లిపోయేవాడూ కాదు. రానురాను ఏడుపులు పొట్టివయ్యాయి.

చెట్టు గుడ్డ గీత పూర్తయిన వారానికి ఏటికి వెళ్లారు. ఆ పూట లేత మంచు ఇంకా వీడలేదు. ఏరు ఎక్కడ మొదలవుతుందో, ఆకాశం ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. గోమతీ చెంగల్రాయుడూ మోకాటి లోతులో నిలబడి గుడ్డ పరిచారు. నీళ్ల కింద పిట్టలన్నీ ఒక్కసారిగా ఎగరడానికి సిద్ధమైనట్టు కదిలాయి. చెంగల్రాయుడు అలా చూస్తూ ఉండిపోయాడు.

తల ఎత్తేసరికి, ఒడ్డున ఇసుకలో కూర్చోబెట్టిన చోట వల్లి లేదు. ఎర్రటి తూనీగ ఒకటి ముందు ఎగురుతుంటే దాని వెనకాలే చేతులు చాచి నడిచిపోతోంది. తూనీగ ఇసుక గుంట ఒకదాని మీదికి వెళ్లింది. గుంటలో నీళ్లు అద్దంలా నిశ్చలంగా ఉన్నాయి. వల్లి కాలి వేళ్లు తడిశాయి. పరిగెత్తినా అందేంత దగ్గరలో లేడు తండ్రి.

“వల్లీ! వద్దు!”

ఒక్కసారే అన్నాడు.

వల్లి ఆగింది. తూనీగని చూసింది, నాన్నని చూసింది. పెదవి విరిచింది. తర్వాత ఉన్నచోటే ఇసుకలో కూలబడి గొల్లుమని ఏడ్చింది.

చెంగల్రాయుడు నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లి బిడ్డని గుండెకి హత్తుకున్నాడు. అంత తియ్యని ఏడుపు అతను జన్మలో వినలేదు.

“తూనీగ కావాల” అంది వల్లి వెక్కుతూ.

“తెలుసు తల్లీ. ఏడువు. నేనీడనే ఉండా.”

నీతి: బిడ్డ ఏడుపుకి కరిగి మాట మార్చుకునే ప్రేమ బిడ్డని కాపాడలేదు. ఎంత ఏడ్చినా మారని మాటా, ఆ ఏడుపు తీరేదాకా పక్కనుండే ప్రేమా కలిసినప్పుడే అది పెంపకం.